నైట్రోజన్ తగ్గిన మధ్యాహ్నం

ఉద్యోగంలో నా చివరి రెండేళ్లు ఒక ప్రమాదం కోసం ఎదురుచూస్తూ గడిచాయి. అది రావాలని నేను దేవుణ్ణి అడగలేదు గానీ, రాకూడదని కూడా అడగలేదు. బయటికి చెప్పుకునే మాట కాదిది. చుట్టూ ఉన్నవాళ్లంతా కరెంటు పోకుండా ఉంటే చాలనుకుంటున్న చోట, లైను మీద ఒక్క పెద్ద షార్ట్ సర్క్యూట్ అయినా రాకపోతుందా అని చూసే మనిషి ఎవరి పక్కన కూర్చుని ఏం మాట్లాడుతుంది?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం యంత్రం సంగతి ముందుగా నాలుగు మాటల్లో చెప్పేస్తాను. కొన్ని పదార్థాలు బాగా చల్లబడితే వాటిలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. పుస్తకాల్లో వీటిని అతివాహకాలు అంటారు. మేము వాడింది ‘హై టెంపరేచర్’ రకం. పేరు చూసి మోసపోకండి, అది పనిచేయాలంటే సున్నాకు దిగువన రెండు వందల డిగ్రీల దాకా చల్లబడాలి. అంతకుముందు రకాలకు ఇంకా ఘోరమైన చలి కావాలి కాబట్టి దీనికి ఆ పేరు పెట్టారు. మా శాస్త్రంలో ఎండాకాలం అంటే అదే.

ఆ పదార్థంతో చేసిన సన్నటి పట్టీని చుట్టలుగా చుట్టి, మనిషెత్తు థర్మాస్ ఫ్లాస్కు లాంటి స్టీలు పాత్రలో, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, కరెంటు లైనుకు మధ్యలో పెడతారు. మామూలు రోజుల్లో అది ఉన్నట్టే తెలియదు. లైను మీద షార్ట్ అయి కరెంటు ఒక్కసారిగా ఉప్పెనలా వచ్చిందనుకోండి, ఆ క్షణంలోనే చుట్ట తన గుణం పోగొట్టుకుని అడ్డం తిరుగుతుంది. ఉప్పెన సగంలోనే ఆగుతుంది, వెనకనున్న ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. కాసేపటికి చుట్ట మళ్లీ చల్లబడి తన పనిలో తాను పడుతుంది. ప్రయోగశాలలో ఇవన్నీ చేసి చూశాం. నిజమైన లైను మీద, నిజమైన గాలివానలో చూడాలి. అందుకని తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, హాలియా దాటి సాగర్ కాలువ వెంట పోతే వచ్చే ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో ఆ పాత్రను దింపారు. దానితో పాటు నన్నూ దింపారు.

హైదరాబాదులో మా పరిశోధన సంస్థలో ఇంజినీర్లకు కొదవ లేదు. కానీ ఊరికి దూరంగా ఒక్కరే ఉండాలి, ఎన్నాళ్లో తెలియదు అనగానే అందరికీ పిల్లల చదువులు గుర్తొచ్చాయి. నాకు పిల్లలు లేరు, పెళ్లి కాలేదు. ఇంజినీరునూ కాను. కొత్తకోట దగ్గరి పల్లెలో పుట్టాను. మా బాపు ఒకరి పొలంలో జీతం ఉన్నాడు. ఐటీఐలో ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే ట్రేడులో చేరితే తరగతి మొత్తంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అక్కణ్ణుంచి టెక్నీషియన్‌గా సంస్థలో చేరి, చలి పుట్టించే యంత్రాలతోనే తల నెరిపించుకున్నాను. ఒంటరి పనికి ఒంటరి మనిషిని పంపడంలో మా పై అధికారులకు తప్పేమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే నాకూ కనబడలేదు, అక్కడికి పోయేదాకా.

హాలియాలో గది కిరాయికి అడిగాను. ఒక ఇంటావిడ నీళ్లిచ్చింది, కూర్చోమంది, “మీరు ఎవలమ్మా?” అని కులం అడిగింది. ఆదివారం చర్చికి పోతామని చెప్పాను. అంతలోనే ఆమెకు అల్లుడు వస్తున్న సంగతి గుర్తొచ్చింది. రెండో ఇంట్లోనూ ఒక అల్లుడు వస్తున్నాడు. హాలియా నిండా అల్లుళ్లే అనుకుని నందికొండ పోయాను. సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో కట్టిన పాత క్వార్టర్లలో ఒకటి దొరికింది. పక్క ఇళ్లు రెండూ తాళాలు. పొద్దున బస్సెక్కి సబ్‌స్టేషన్‌కు, సాయంత్రం బస్సెక్కి కొండ మీదికి. టూరిస్టులు డ్యామ్ ముందు ఫొటోలు దిగుతుంటే మధ్యలోంచి నడిచి ఇల్లు చేరేదాన్ని. ఎవరెవరి ఫొటోల్లోనో వెనకాల ఒక చేతిసంచీ ఆడమనిషిగా నేను ఇంకా ఉండే ఉంటాను.

సబ్‌స్టేషన్‌లో నాది రేకుల షెడ్డు. అందులో ఆ పాత్ర, పక్కనే క్రయోకూలర్. ఆవిరైపోతున్న నైట్రోజన్‌ను మళ్లీ ద్రవంగా మార్చి పాత్రలోకి జార్చడం దాని పని. చలి అంతా పాత్ర లోపల. దాన్ని పుట్టించే కంప్రెషర్ వదిలే వేడి అంతా షెడ్డులో. మే నెలలో బయట చెట్టుకింద కంటే నా షెడ్డే ఎక్కువ కాలేది. ఈ సంగతి ఊళ్లో ఎవరినీ నమ్మించలేకపోయాను. “లోపట మైనస్ రెండొందలట” అని విన్నవాళ్లంతా, నేను తలుపేసుకుని చల్లగా కూర్చుంటున్నాననుకున్నారు. ఒక పెద్దాయన కల్లు సీసాలు పెట్టనిస్తావా అని మర్యాదగా అడిగాడు. ఎండకు తాళలేక ఒక అవ్వ గడప దగ్గర కూర్చుంటానంది. నైట్రోజన్ లీకైతే వాసన రాదు, రంగు ఉండదు, మనిషికి తెలియకుండానే ఊపిరి తీస్తుంది. అందుకే ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. వద్దన్నాను. కారణం చెప్పాను కూడా. అవ్వ వింది, లేచింది, “మంచిదే బిడ్డా, సల్లగుండు” అని పోయింది. ఆ మాట దీవెనో, దెప్పో నాకు అంతుపట్టలేదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. దారిలో పలకరింపులు కూడా తగ్గాయి.

పలకరించే మనిషి ఒక్కడే మిగిలాడు, పగటి షిఫ్టు ఆపరేటరు. నాకంటే కొంచెం పెద్దవాడు, ఆ చుట్టుపక్కల రైతు కుటుంబం మనిషి. ఉద్యోగమంతా ఆ ఒక్క సబ్‌స్టేషన్‌లోనే చేశాడు. అక్కడి పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను “మా ముసల్ది” అనేవాడు. దాని మూలుగు విని ఏ ఊళ్లో మోటర్లు ఎక్కువ నడుస్తున్నాయో చెప్పేవాడు. దాన్ని మార్చమని పైవాళ్లను అడిగి అడిగి ఊరుకున్నాడు. మొదట్లో నన్ను మేడం అనేవాడు. ఒకరోజు కంట్రోల్ రూమ్ వరండాలో, ఎవరి టిఫిన్ బాక్సు వాళ్లం ముందు పెట్టుకుని ఎడంగా కూర్చుని ఉండగా, పచ్చడి వేసిన తన బాక్సు మూత నా వైపు నెట్టాడు.

“తిను చెల్లె. మా ముసల్దానికి కాపలా వచ్చినవ్, నీకు పచ్చడన్న పెట్టకపోతె ఎట్ల?”

ఆనాటి నుంచి మేడం పోయి చెల్లె వచ్చింది. నా యంత్రం ఎందుకు పనికొస్తుందో ఆ జిల్లాలో తెలిసిన మనిషి అతనొక్కడే. అయితే మా ఇద్దరి కోరికలూ ఒకదానికొకటి ఎదురు. షార్ట్ రాకూడదని అతను. వస్తే చూద్దామని నేను. దూరాన చిన్నా చితకా షార్టులు అప్పుడప్పుడూ వచ్చేవి. వాటికి మా చుట్ట తుమ్మను కూడా తుమ్మలేదు. హైదరాబాదు నుంచి మా ప్రాజెక్టు అధికారి ఫోన్ చేసి “ఏమైనా వచ్చిందా?” అని అడిగేవాడు. “లేదు సార్” అనేదాన్ని. ఇద్దరం నిట్టూర్చేవాళ్లం. పక్కనుండి విని ఆపరేటరు, “మంచిగున్నదంటె ఏడ్చేటోళ్లను మిమ్ములనే చూసిన” అని నవ్వేవాడు.

రెండో ఎండాకాలంలో కంప్రెషర్ మొరాయించింది. దాన్ని చల్లబరిచే నీళ్ల యూనిట్ ఆ ఎండకు తట్టుకోలేక మాటిమాటికీ ఆగిపోయేది. చివరికి పూర్తిగా ఆగింది. విడిభాగం రావాలి. అది వచ్చేదాకా, ఆవిరైపోయిన నైట్రోజన్ స్థానంలో ట్యాంకరుతో కొత్తది నింపుకుంటూ నెట్టుకురావాలి. ట్యాంకరు కొత్తకోట అవతలి ప్లాంటు నుంచి, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చేది. డ్రైవరు పడుచువాడు, మా ఊరివైపు వాడు. నన్ను అమ్మా అనేవాడు. రావడం ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

ఆ రోజు తెల్లారే బయల్దేరానని చెప్పాడు. పొద్దెక్కినా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాత్రలో నైట్రోజన్ దిగుతోంది. చుట్ట పైభాగం ద్రవంలోంచి బయటికి తేలకుండా ఉండాలని మేము ఒక గీత పెట్టుకున్నాం. ఆ గీతకు కింద, చుట్టకు పైన, మూడు వేళ్ల మందం అదనంగా వదిలాం. మట్టం గీతకు దిగితే యంత్రాన్ని లైను నుంచి తప్పించి, కరెంటును పక్కదారిన పంపాలి. దాన్నే బైపాస్ అంటాం. చుట్ట కొంత తేలి ఉన్నప్పుడు ఉప్పెన వస్తే పైచుట్లు కాలిపోతాయి, నైట్రోజన్ ఒక్కసారిగా ఆవిరై పాత్రను నెడుతుంది. సేఫ్టీ వాల్వులు ఉన్నాయి. అవి పనిచేస్తాయని లెక్కలు చెబుతాయి.

అన్నం వేళ దాటాక మట్టం గీతను తాకింది. కాసేపటికి కొలిచే మీటరే తడబడటం మొదలుపెట్టింది. ముల్లు ఒకసారి గీత మీద, మరోసారి బాగా కింద. మూడు వేళ్ల మందంలో నేను ఎక్కడున్నానో నాకే తెలియదు. బయటికొచ్చి చూస్తే సాగర్ వైపు ఆకాశం నల్లబడి ఉంది. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆ ప్రాంతంలో వేసవి గాలిదుమారానికి ముందు అలాగే ఉంటుంది. చెట్టు మీది ఆకు కూడా కదలదు.

అప్పుడు డ్రైవరు ఫోన్ వచ్చింది. వెనక ఏడుపులు వినబడుతున్నాయి.

“అమ్మా, నేను దేవరకొండ దవాఖానల ఉన్న. తొవ్వల పెండ్లోళ్ల ఆటో బోర్ల పడ్డది. ఎవ్వలు ఆపుతలేరు. బండి పక్కకు పెట్టి క్యాబిన్ల ఎక్కించుకొని తెచ్చిన.”

“ఎట్లున్నరు?”

“ఒకామె చెయ్యి ఇరిగింది. ఒక ముసలామె అసలు మాట్లాడతలేదు. వీళ్లోళ్లు వచ్చేదాక ఎట్ల పోవాలె? జర ఆలస్యమైతదమ్మా. సార్లు కోపం చేస్తరా?”

“నువ్వు ఉండు. వాళ్లు వచ్చినంకనే బయలెల్లు” అన్నాను. ఇంకేమనగలను?

మా అధికారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మంచి మనిషి. ఈ యంత్రం మీద తన వయసులో మంచి భాగం పెట్టాడు.

“గాలిదుమారం మీవైపే వస్తోందట. ఇంకో గంట ఉంచలేమా?”

“మట్టం గీతకు దిగింది సార్.”

“గీత మనం పెట్టుకున్నదే కదా. దాని కింద కూడా కొంత ఉంటుంది.”

“ఉంటుంది సార్. ఎంతుందో మీటరు చెప్పడం లేదు.”

“రెండేళ్లుగా ఇలాంటి గాలి కోసమే కదా మనం...” అని ఆగాడు.

“తీయమంటారా సార్, ఉంచమంటారా?”

“అక్కడున్నది మీరు. మీకు కనబడేది నాకు కనబడదు. మీరే చూసుకోండి.”

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా నాతో ‘మీరే చూసుకోండి’ అంటే ఎంత గౌరవమిచ్చారో అని పొంగిపోయేదాన్ని. ఆ మధ్యాహ్నం ఫోన్ పెట్టేసి షెడ్డు గోడకు చేరగిలబడ్డాను. రేకు కాలుతోంది. అక్కడ నేను తప్ప ఎవరూ లేరన్న సంగతి రెండేళ్లుగా తెలుసు. అది అంత గట్టిగా తగలడం మాత్రం ఆ రోజే.

యార్డు దాటి కంట్రోల్ రూమ్‌కు పోయాను. బైపాస్ మీట వేయాల్సింది ఆపరేటరే, నేను చెబితే. నా మొహం చూసే అతనికి అర్థమైంది. కుర్చీలోంచి లేచాడు.

“ఇప్పుడు తీస్తవా చెల్లె? మొగులు చూసినవా?”

“చూసిన అన్నా.”

“రెండేండ్లు ఎండల గొడుగు పట్టి, వాన వచ్చేటాలకు ముడుస్తవా?”

“గొడుగుకు చిల్లి పడ్డదన్నా. ఎంత చిల్లో నాకు కనబడ్తలేదు.”

“చిల్లి గొడుగైనా ఎంతో కొంత ఆపుతది.”

“ఆపకపోతె గొడుగే పేలుతది. కిటికీ పక్కన కూసునేది నువ్వే.”

“నా సంగతి ఇడ్సిపెట్టు” అన్నాడు. “ముసల్ది ఇంకొక దెబ్బ ఆగదు. నాకెరుక. దాని కింద ఎన్ని ఊర్లున్నయో నీకెరుకనా? నీళ్ల మోటర్లు, దవాఖాన, అన్నీ గీ ఒక్కదాని మీదనే.”

నాకు తెలుసు. అతను చెప్పింది సరైన మాట. అధికారి అడగలేక అడిగింది కూడా తప్పు కాదు. ఉంచితే యంత్రం నిలబడవచ్చు, మేం రెండేళ్లుగా చూస్తున్నది ఆ సాయంత్రమే చూడవచ్చు, ముసల్ది బతకవచ్చు. లేదా పాత్ర పగలవచ్చు, ఈ మనిషికి ఏదైనా కావచ్చు. నా దగ్గరున్నది తడబడే ముల్లు ఒక్కటే.

“వెయ్యి అన్నా” అన్నాను. “బైపాస్ వెయ్యి.”

అతను నావైపు చూడలేదు. ప్యానెల్ వైపు తిరిగి, “నీ మాట మీద వేస్తున్న. నా మనసుకైతె లేదు” అన్నాడు. మీట తిప్పాడు. దీపం ఎర్రగా వెలిగింది. రెండేళ్లలో మొదటిసారి కరెంటు మా చుట్టను దాటి పక్కదారిన పోయింది.

గాలి వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత ఎండుటాకులు, తర్వాత దేనిదో తెలియని ఒక రేకు. ఆ రేకు యార్డు మీదుగా గిరికీలు కొడుతూ పోయి గోడ అవతలి తీగల మీద పడటం ఇద్దరం కిటికీలోంచి చూశాం. నీలం వెలుగు, చెవులు చిల్లులు పడే చప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి పెద్దగా మూలిగింది. నేనంతకుముందు దాని నుంచి అలాంటి గొంతు వినలేదు. బ్రేకర్లు పడ్డాయి, అంతా ఆగిపోయింది. వానతో పాటు కాలిన నూనె వాసన లోపలికి వచ్చింది. ఆపరేటరు వానలోనే బయటికి పరుగెత్తి, దూరంగానే నిలబడి, దాని పక్కనుంచి కారుతున్న నూనెను చూశాడు. నేను వెనక నిలబడ్డాను. అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తడిసిన తలను తువ్వాలుతో తుడుచుకుని, పైవాళ్లకు ఫోన్ చేయడానికి లోపలికి పోయాడు.

మేం రెండేళ్లు ఎదురుచూసిన షార్ట్ అదే. సరిగ్గా మేం కోరినంత పెద్దది, కోరినంత దగ్గరలో. మా యంత్రం పక్కనే నిలబడి చూసింది.

వాన తెరిపిచ్చాక, పొద్దు వాలే వేళకు ట్యాంకరు వచ్చింది. డ్రైవరు చొక్కా మీద ఎవరిదో రక్తం ఎండి ఉంది. దీపాల్లేని యార్డును, కూలిన తీగలను చూసి దిగకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు.

“నా వల్లనా అమ్మా?”

“కాదు. గాలి వల్ల.”

“మరి ఇప్పుడు నింపాల్నా?”

నింపమన్నాను. లైనులో కరెంటు లేదు, యంత్రం కాపాడాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అయినా చుట్ట వేడెక్కితే అతుకులు పాడవుతాయి, కాబట్టి నింపాలి. ఇద్దరం గొట్టం బిగించాం. బుసకొడుతూ నైట్రోజన్ లోపలికి పోయింది. తెల్లటి పొగమంచు మా కాళ్ల చుట్టూ పరుచుకుంది. వాన పడిన మట్టి మీద అది చూడటానికి బాగుంటుంది కూడా. వాడు దాన్ని చూస్తూ నిలబడి, “ముసలామెను హైదరాబాద్ తోలిన్రు” అన్నాడు. కొన్నాళ్ల తర్వాత నాకు ఫోన్ చేసి ఆమె బతికిందని చెప్పాడు. ఆ వార్త చెప్పడానికి వాడికి గుర్తొచ్చిన మనిషిని నేనైనందుకు చాలా సంతోషపడ్డాను. కరెంటు లేని ఆ ఊళ్లలో ఆ సంతోషం ఎవరితో పంచుకోను?

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా చుట్టుపక్కల ఊళ్లకు అరకొరగా వేరే లైన్ల మీద కరెంటు ఇచ్చారు. మే నెల ఎండ. నీళ్ల ట్యాంకర్ల దగ్గర బిందెల బారులు. బస్సులో నా వెనక సీటువాళ్లు, “హైదరాబాదోళ్లు ఏదో డబ్బా తెచ్చి పెట్టిన్రు, అప్పటిసంది గిట్లనే” అని చెప్పుకున్నారు. ఆ డబ్బా మనిషి ముందు సీటులోనే ఉందని వాళ్లకు తెలియదు. విచారణకు వచ్చినవాళ్లు ఎవరు తీయమన్నారని అడిగారు. నేనేనని చెప్పాను. నిబంధన ప్రకారమేనా అన్నారు. అవునన్నాను. వాళ్లకు అంతకంటే అక్కర్లేదు. మా అధికారి నన్ను ఒక్క మాట అనలేదు. అసలు ఫోన్ చేయడమే తగ్గించాడు. ఆపరేటరు వరండాలో భోజనం మానేసి లోపల కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఎదురుపడితే “నమస్తే మేడం” అనేవాడు. ఆ మేడం నాకు ఎంత దూరంగా వినబడేదో చెప్పలేను.

ఉంచి ఉంటే ఏమయ్యేది? మీరు ఈ ప్రశ్న అడుగుతారని తెలుసు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. మట్టం గీతకు కాస్త కిందే ఉందనుకుని లెక్క వేస్తే చుట్ట నిలబడేది. ఇంకొంచెం కింద అనుకుంటే కాలేది. అసలు మట్టం ఎక్కడుందో తెలిస్తే కదా. తర్వాత హైదరాబాదులో చుట్టను విప్పి పరీక్షించిన కుర్ర ఇంజినీర్లు కూడా ఏమీ తేల్చలేకపోయారు. ఒకడు నావైపు, ఒకడు అటువైపు. నేను చేసింది సరైనదే అని ఇవాళ చెప్పమన్నా చెబుతాను. కానీ సరైన పని చేసినవాళ్ల పక్కన మనుషులు వచ్చి కూర్చుంటారని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, అది మాత్రం నమ్మకండి.

ఆ వానాకాలంలోనే ప్రాజెక్టు ఆపేయమని కబురొచ్చింది. పాత్రను నెమ్మదిగా వేడెక్కనిచ్చి, విప్పి, పంపేయాలి. తొందరపడితే చుట్ట పగులుతుంది. నైట్రోజన్ తనంతట తాను ఆవిరై పోవాలి, చుట్ట గాలి వేడికి రావాలి. మనిషి చేసే పనేమీ ఉండదు, కనిపెట్టుకుని ఉండటం తప్ప. సంస్థ నుంచి ఎవరూ రాలేదు. రోజుల తరబడి ఉష్ణోగ్రత ముల్లు పైకి ఎక్కుతుంటే, చప్పుడు లేని షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంచాను, గాలి ఆడాలి కాబట్టి.

చివరి రోజు పొద్దున ఆపరేటరు వచ్చాడు. ఆ రోజు అతనికి డ్యూటీ లేదు, లుంగీ మీద ఉన్నాడు. గడప దగ్గర నిలబడ్డాడు.

“రావచ్చునా?”

“రా అన్నా. ఇప్పుడు భయం లేదు.”

లోపలికి వచ్చి, ఖాళీ నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఇద్దరం ముల్లు చూస్తూ ఉన్నాం.

“గా దినం నీ జాగాల నేనుంటే తియ్యకపోదును.”

“నాకెరుకనే.”

“తియ్యకుంటే ఏమైతుండెనో?”

“తెల్వదన్నా.”

“అందరు నాతోని ఏమన్నరో ఎరుకనా? ఆమెను ఎందుకు ఆపలేదన్నరు. ఆపితే పేలుతుండెనేమో, అప్పుడు ఎందుకు ఆపినవంటుండిరి.” తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “నాకు తెల్వదు చెల్లె. మస్తు ఆలోచన చేసిన. తెల్వదు.”

ఆ ఒక్క మాట నాతో కలిసి అనే మనిషి లేకనే కదా అన్ని వారాలు గడిచింది.

మధ్యాహ్నానికి ముల్లు బయటి వేడిని అందుకుంది. బోల్టులు ఇద్దరం కలిసి విప్పాం. మూత బరువు, ఒక్కరితో అయ్యేది కాదు. లోపల గోధుమరంగు పట్టీ చుట్టలు, పేర్చిన గాజుల్లా, పొడిగా ఉన్నాయి. అతను వంగి చూశాడు, చెయ్యి చాపి నా మొహం చూశాడు. తల ఊపాను. వేళ్లతో ముట్టుకున్నాడు.

“గింతేనా?”

“గింతే.”

“మామూలు వైరు తీరుగనే ఉన్నది.”

“ఇప్పుడు మామూలు వైరే అన్నా.”

మూత పెట్టి, షెడ్డుకు తాళం వేసి, చేతిసంచీ తీసుకున్నాను. అతను ఇంటివైపు పోకుండా నాతో రోడ్డు మీదికి వచ్చాడు. నందికొండ బస్సు ఆగే చోట చింతచెట్టు నీడ ఉంది. కాలువ నిండుగా పారుతోంది, పొలాల్లో నాట్లు పడుతున్నాయి. బిడ్డ చదువు గురించి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు అసలు వినబడదని, వినబడకపోతే తనకు తోచడం లేదని చెప్పాడు. నేను మా బాపు గురించి చెప్పాను, ఎందుకో. నన్ను ఎక్కించి పోదామని అతను నిలబడ్డాడు.

ఆ రోజు బస్సు చాలాసేపు రాలేదు. ఇంకా కాసేపు రాకపోయినా బాగుండుననిపించింది.